వీరునికంటె ముందు వచ్చే నాదం

శిశువు, పశువు, పాము కూడ గానరసానికి వశమవుతాయని మన పెద్దలు చెప్పారు. ఆ వరుసలో నేటి సినిమా ప్రేక్షకుని కూడ చేర్చవచ్చునని నాకు మా తరగతి గదిలోనే తెలిసివచ్చింది.

ఆనాడు నేను రససిద్ధాంతం బోధిస్తున్నాను. వీరరసానికి స్థాయీభావం ఉత్సాహమనీ, విభావానుభావ సంచారీభావాల సంయోగం వలన రసం నిష్పన్నమవుతుందనీ బోర్డు మీద వ్రాసి ఇటు తిరిగేసరికి, చివరి వరుసలో ఒక విద్యార్థి లేచి నిలబడి ఉన్నాడు. “సార్, సూపర్ హీరో సినిమాలో హీరో రాగానే ఒంటి మీద రోమాలు నిలుచుంటాయి. అది వీరరసమేనా? లేక ఆ సౌండు మహిమా?” అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నేను కూడ నవ్వాను. కాని నా దగ్గర సమాధానం సిద్ధంగా లేదు. “రేపు చెబుతాను, కూర్చో నాయనా” అన్నాను.

మరునాడు ల్యాప్‌టాప్ పట్టుకొని తరగతికి వెళ్ళాను. అట్టి చిత్రంలోని వీరుని ప్రవేశ ఘట్టాన్ని మొదట శబ్దం పూర్తిగా తీసివేసి చూపించాను. బిగుతు దుస్తులు ధరించిన యువకుడొకడు మేడ అంచున నిలబడి, చేతులు నడుము మీద పెట్టుకొని దూరంగా చూస్తున్నాడు. వీపు మీది వస్త్రం గాలికి ఎగురుతున్నది. పిల్లలు పగలబడి నవ్వారు. పిమ్మట అదే దృశ్యాన్ని సంగీతంతో చూపించాను. ఒక్కరు నవ్వలేదు. కొందరు తమకు తెలియకుండానే బెంచీ అంచుకు జరిగి కూర్చున్నారు. “ఏమి మారింది?” అని అడిగితే, నిన్నటి ప్రశ్న వేసిన విద్యార్థే “హీరో మారలేదు సార్, మేమే మారిపోయాం” అన్నాడు.

ఆ మార్పు ఎట్లా జరుగుతున్నదో, అది ఎప్పుడు మేలు చేస్తుందో, ఎప్పుడు మోసం చేస్తుందో యథాశక్తి వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం. మన విద్యార్థులలో ఈ చిత్రాలు చూడనివారు అరుదు. లింగంపల్లి నుండి గచ్చిబౌలి, మాదాపురం వరకు అద్దాల మేడలు లేచిన చోటనే అనేక తెరలు గల సినిమాహాళ్ళు కూడ వెలిశాయి. చూసేవారు ఇంతమంది ఉన్నప్పుడు వినడం కూడ నేర్చుకోవడం అవసరం.

అతిమానవ వీరుని కథకు పుట్టుకతోనే ఒక చిక్కు ఉన్నది. అతడు ఎగురుతాడు, కొండనెత్తుతాడు, నిప్పులో నడుస్తాడు. ఇవన్నీ కన్ను నమ్మనివి. నిత్యజీవితానుభవం కంటికి అడ్డుపడుతూనే ఉంటుంది. చెవికి ఆ అడ్డు లేదు. కన్ను మూసుకోవచ్చును, చెవి మూసుకోలేము. చూపుకు సందేహం సహజమైనట్లే వినికిడికి విశ్వాసం సహజం. అందువలన అసాధ్యమైన కార్యాన్ని చూపదలచినవారు మొదట చెవిని లోబరుచుకొని, ఆ మీదట కంటికి దృశ్యాన్ని అందిస్తారు. వీరుడు తెర మీదికి రావడానికి ఒకటి రెండు క్షణాల ముందే అతని నాదం వస్తుంది. అతడు వచ్చేసరికి మనం లేచి నిలబడడానికి సిద్ధమై ఉంటాము.

ఇది సినిమా కనిపెట్టిన ఉపాయమని భ్రమపడరాదు. నాట్యశాస్త్రంలో భరతముని ధ్రువాగానాన్ని వివరిస్తూ అయిదు విధాల ధ్రువలు చెప్పాడు. పాత్ర రంగం మీదికి వచ్చేటప్పుడు పాడేది ప్రావేశికి. వెళ్ళేటప్పుడు పాడేది నైష్క్రామికి. నడుస్తున్న రసాన్ని తప్పించి మరొక భావాన్ని తెచ్చేది ఆక్షేపికి. చెదిరిన మనస్సును తేర్చేది ప్రాసాదికి. సందు పూరించేది అంతర. నేటి చలనచిత్ర సంగీత దర్శకుడు చేసే పనులన్నీ ఈ అయిదింటిలో ఇమిడిపోతాయంటే అతిశయోక్తి కాదు. మన కూచిపూడివారి పాత్రప్రవేశ దరువు ఈ సంప్రదాయానికి సజీవ సాక్ష్యం. భామాకలాపంలో సత్యభామ తెర వెనుక నుండి జడ చూపించి, దరువు సాగుతుండగా ప్రవేశిస్తుంది. ఆ దరువు విన్నవాడికి ఆమె అందం, అభిమానం, అతిశయం అన్నీ ఆమె ముఖం చూడక ముందే తెలిసిపోతాయి.

పాశ్చాత్య దేశాలలో ఈ పద్ధతి పందొమ్మిదవ శతాబ్దంలో జర్మన్ సంగీతకారుడు రిచర్డ్ వాగ్నర్ గేయనాటకాలతో ప్రసిద్ధి పొందింది. ఒక్కొక్క పాత్రకు, ఒక్కొక్క ఆయుధానికి, ప్రేమ, శాపం వంటి భావానికి సైతం ఒక చిన్న స్వరగుచ్ఛం కేటాయించి, కథలో ఆ వ్యక్తి గాని ఆ వస్తువు గాని ప్రస్తావనకు వచ్చినప్పుడెల్లా దానిని వినిపించడం ఆయన రీతి. దీనికి లైట్‌మోటిఫ్ అని పేరు. మనం ‘సంకేత స్వరం’ అనుకుందాము. ఆయన నాలుగు భాగాల మహానాటకం మొత్తంగా 1876లో బైరాయిట్ నగరంలో ప్రదర్శితమయింది. ఐరోపా నుండి అమెరికాకు వలస వెళ్ళిన మాక్స్ స్టైనర్, కోర్న్‌గోల్డ్ వంటి సంగీత దర్శకులు ఈ రీతిని 1930లలో హాలీవుడ్ చిత్రాలకు అలవాటు చేశారు.

ఇంత దూరం పోనక్కరలేదు. మన లింగంపల్లిలోనే ఈ విద్యకు ఒక పాఠశాల ఉన్నదని ఎందరికి తెలుసు? ఇక్కడి సురభి కాలనీ సురభి నాటక కుటుంబాలకు నివాసం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు ‘కీచక వధ’ ప్రదర్శించడంతో మొదలయిన ఈ నాటక పరంపర, తరతరాలుగా ఒకే కుటుంబవృక్షం కొమ్మలుగా విస్తరించి ఈ ఊరు చేరింది. ఆ వంశానికి చెందిన రేకందార్ నాగేశ్వరరావు, అనగా సురభి బాబ్జీగారికి 2013లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆయన 2022లో కీర్తిశేషులయ్యారు. సురభివారి ‘మాయాబజార్’, ‘పాతాళ భైరవి’ నాటకాలు చూసినవారు తీగల మీద ఎగిరివచ్చే పాత్రలను, ఆకాశంలో ఢీకొనే బాణాలను, ఉన్నట్టుండి లేచే మంటలను మరచిపోలేరు. అయితే ఆ మాయనంతటినీ నిలబెట్టేది రంగం ప్రక్కన కూర్చున్న హార్మోనియం, తబలాలే. ఘటోత్కచుడు అడుగు వేస్తే తబలా అడుగు వేస్తుంది. ఆయన గద ఎత్తితే హార్మోనియం శ్రుతి పెంచుతుంది. తీగ కనిపించినా మన మనస్సు తీగను చూడదు, ఎగరడాన్ని చూస్తుంది. అతిమానవ వీరుని సంగీతమంటే ఇంతకు మించినది మరొకటి లేదు. మిగిలినదంతా పరికరాల భేదం.

ఈ రంగస్థల విద్యే తెలుగు సినిమాకు పునాది అయింది. కె.వి. రెడ్డిగారి దర్శకత్వంలో వచ్చిన ‘పాతాళ భైరవి’ (1951)కి ఘంటసాలగారు సంగీతం సమకూర్చారు. ‘మాయాబజార్’ (1957)లో కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావుగారివి, తక్కిన సంగీతం ఘంటసాలగారిది. అందులో ఘటోత్కచుని విందు పాటను మాధవపెద్ది సత్యంగారు పాడారు. ఆ గంభీరమైన నవ్వు, ఆ గొంతు లేనిదే ఎస్.వి. రంగారావుగారి ఆకారం అంత పెద్దదిగా కనిపించేది కాదు. శరీరం నటునిది, పరిమాణం గాయకునిది.

‘జగదేకవీరుని కథ’ (1961) ఒక మెట్టు పైకి వెళ్ళింది. పెండ్యాల నాగేశ్వరరావుగారి సంగీతంలో ఘంటసాలగారు పాడిన గీతంతో శిల కరుగుతుంది. తెర మీద ఒక్క నందమూరి తారక రామారావుగారే పలువురై పాడుతూ, వాద్యాలు వాయిస్తూ దర్శనమిస్తారు. ఇక్కడ సంగీతం వీరుని వెంట నడిచే సేవకుడు కాదు, సంగీతమే అతని అతిమానవ శక్తి. ఆ గీతానికి ఆధారం దర్బారీ కానడ రాగం. అక్బరు చక్రవర్తి కొలువులో తాన్‌సేన్ రూపొందించాడని ప్రతీతి గల ఆ రాగం ఆంధ్ర పౌరాణిక జానపద వీరుని కంఠంలో శిలను కరగించింది. మనవంటి ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి చదువుకునే కళాశాలలో ఈ సంగతి ఒకసారి తలచుకోవడం ఉచితం.

ఇక హాలీవుడ్ సంగతి. 1978లో వచ్చిన ‘సూపర్‌మ్యాన్’ చిత్రానికి జాన్ విలియమ్స్ సంగీతం రచించగా లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా వాయించింది. షడ్జ పంచమాలవంటి నిలకడగల స్వరాల మధ్య ఎగిరే బూరల పిలుపు అది. అందులో సందేహానికి, నీడకు తావు లేదు. ఈ వీరుడు అబద్ధమాడడని ఆ స్వరాలే ప్రమాణం చేస్తున్నట్లు ఉంటాయి. 1989లో ‘బ్యాట్‌మ్యాన్’ చిత్రానికి డానీ ఎల్ఫ్‌మన్ కూర్చిన సంగీతం ఇందుకు భిన్నం. చీకటి, విషాదం కలిసిన ఛాయ అందులో ఉన్నది. ఇతడు మేలు చేస్తాడు గాని ఇతని మనస్సులో మానని గాయమున్నదని చెవి గ్రహిస్తుంది. 2008 నాటి ‘ది డార్క్ నైట్’కు హాన్స్ జిమ్మర్, జేమ్స్ న్యూటన్ హోవర్డ్ కలిసి పనిచేశారు. అందులో జోకరు అనే దుష్టపాత్రకు బాణీ అనదగినది దాదాపు లేదు. సెల్లో తీగ మీద ఒక స్వరం ఆగకుండా సాగుతూ, క్రమంగా బిగుసుకుంటూ, చెవిని కోస్తుంది. రాగం లేని మనిషి, నియమం లేని మనిషి అని దాని భావం. వీరుని శక్తి ఎంతటిదో చెప్పడం సంగీతానికి సులభం. ఆ శక్తి ఎట్టిదో చెప్పడంలోనే సంగీత దర్శకుని ప్రజ్ఞ బయటపడుతుంది.

ఈ పని జరిగే తీరు కూడ విద్యార్థులు తెలుసుకోదగినది. చిత్రీకరణ, కూర్పు ముగిసిన తరువాత సంగీత దర్శకుడు దర్శకునితో కలిసి చిత్రాన్ని చూసి, ఏ క్షణంలో సంగీతం మొదలుకావాలో, ఏ క్షణంలో ఆగాలో గుర్తు పెట్టుకుంటాడు. మన పరిశ్రమలో ఈ నేపథ్య సంగీత రచనను చిరకాలంగా రీరికార్డింగ్ అంటారు. నేటి యువకులు బీజీఎం అంటున్నారు. వీరుని అడుగు, పిడికిలి, కనురెప్ప ఏ క్షణాన కదులుతాయో లెక్కకట్టి, ఆ లెక్కకు లయను బిగిస్తారు. నిశ్శబ్దం కూడ ఇందులో ఒక వాద్యమే. వీరుడు ప్రవేశించేముందు ఒక అర సెకండు పాటు సమస్త శబ్దాలను ఆపివేస్తే, ఆ పిమ్మట వచ్చే మొదటి దెబ్బకు బలం రెట్టింపవుతుంది.

దీనికి విజ్ఞానశాస్త్రం తోడయింది. మానవుని చెవి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జుల వరకు వినగలదు. సినిమాహాళ్ళలో 5.1 అని వ్యవహరించే పద్ధతిలో చివరి ‘.1’ అనేది 120 హెర్ట్జులకు దిగువనుండే మంద్ర ధ్వనుల కోసం ప్రత్యేకించిన మార్గం. ఈ ధ్వనులు చెవితో వినేదానికంటె ఛాతీతో, కాళ్ళ క్రింది నేలతో తెలుస్తాయి. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ పద్ధతిలో తల మీద నుండి కూడ ధ్వని దిగుతుంది. వీరుడు భూమి మీద దుమికినప్పుడు మన కుర్చీ అదిరితే, అతడు నిజంగానే దుమికాడని శరీరం ఒప్పుకుంటుంది. మా విద్యార్థి అడిగిన ‘సౌండు మహిమ’లో ఒక పాలు ఇదే. రెండవ పాలు సంకేత స్వరం తెచ్చే జ్ఞాపకం. మొదటిసారి విన్నప్పుడు అది వట్టి స్వరం. వీరుడు పసిబిడ్డను కాపాడినప్పుడు, తండ్రిని పోగొట్టుకొని ఏడ్చినప్పుడు, ఓడి లేచినప్పుడు అదే స్వరం వింటూ వస్తాము. చివరి యుద్ధంలో అది మరల మ్రోగినప్పుడు ఆ జ్ఞాపకాలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. అప్పుడు నిలుచున్న రోమాలలో నిజమైన రసం ఉన్నదని నేను ఒప్పుకుంటాను. కథ చెప్పకుండా, మంద్ర ధ్వనితో మాత్రమే నిలిపిన రోమాలలో ఉన్నది వట్టి ఉలికిపాటు. రెండింటికీ భేదం తెలియడమే సహృదయుని లక్షణం.

ఇక్కడ మనకు సంబంధించిన ఒక విశేషం చెప్పవలసి ఉన్నది. హాలీవుడ్ చిత్రాలు తెలుగులోకి అనువాదమై వస్తున్నాయి. 2018లో వచ్చిన ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’ తెలుగు రూపంలో థానోస్ అనే పాత్రకు దగ్గుబాటి రానా గళమిచ్చారు. ఇట్టి అనువాదంలో సంభాషణల శబ్దమార్గాన్ని మాత్రమే తొలగించి కొత్త గొంతులు చేరుస్తారు. సంగీతం, ఇతర ధ్వనులు వేరే మార్గంలో ఉండి, యథాతథంగా నిలుస్తాయి. అనగా థానోస్ తెలుగు మాట్లాడుతాడు గాని, అతని వెనుక మ్రోగేది అలన్ సిల్వెస్ట్రీ రచించిన పాశ్చాత్య వాద్యబృందమే. మాట మన ఇంటిది, నాదం పొరుగింటిది. ఇట్లా ఏండ్ల తరబడి వింటే, వీరత్వమంటే ఇత్తడి బూరలనీ, గాంభీర్యమంటే వయొలిన్ల వరుసలనీ మన పిల్లల చెవి స్థిరపరచుకుంటుంది. పరాయి సంగీతం వినడం తప్పు కాదు. మన వీరునికి కూడ ఆ ధ్వనే తప్ప గతిలేదనుకోవడం తప్పు.

మనవారు ఈ సమస్యను ఎట్లా ఎదుర్కొన్నారు? 1980లో వి. మధుసూదనరావుగారి దర్శకత్వంలో రామారావుగారు నాయకులుగా ‘సూపర్‌మ్యాన్’ పేరుతోనే తెలుగు చిత్రం వచ్చింది. సంగీతం చక్రవర్తిగారిది. పేరు, వేషం పరదేశానివి గాని, ఆ వీరుని శక్తి అన్యగ్రహం నుండి రాలేదు, హనుమంతుని అనుగ్రహంగా వచ్చింది. 2015లో ‘బాహుబలి’లో వీరుడు శివలింగాన్ని భుజాన మోసే ఘట్టానికి ఎం.ఎం. కీరవాణిగారు శివస్తుతి కలిసిన గీతాన్ని నడిపారు. 2024 జనవరిలో విడుదలయిన ప్రశాంత్ వర్మ చిత్రం ‘హనుమాన్’ అంజనాద్రి అనే కల్పిత గ్రామంలోని సామాన్య యువకుని కథ. దానికి గౌర హరి, అనుదీప్ దేవ్, కృష్ణ సౌరభ్ అనే ముగ్గురు సంగీతం అందించారు. అదే ఏడు జూన్‌లో నాగ్ అశ్విన్ దర్శకత్వంలో ‘కల్కి 2898 ఏ.డి.’ సంతోష్ నారాయణన్ సంగీతంతో వచ్చింది. 2025 సెప్టెంబరులో ‘మిరాయ్’ గౌర హరి సంగీతంతో వెలువడింది. శక్తికి మూలం పురాణమైనప్పుడు స్తుతి, బృందగానం, శంఖధ్వని సహజంగానే వీరుని నాదమవుతాయి. ఇది మన నేల మీద నిలబడడానికి వేసిన మంచి అడుగు. అయితే మన నేలలో ఉన్న నాదాలు ఇంతేనా?

ఈ ప్రశ్నకు మరొక చిత్రం దారి చూపుతుంది. 2018 నాటి ‘బ్లాక్ పాంథర్’ ఆఫ్రికాలోని ఒక కల్పిత రాజ్యపు రాజు కథ. సంగీత దర్శకుడు లుడ్విగ్ గోరాన్‌సన్ స్వీడన్ దేశస్థుడు. తనకు తెలియని సంగీతాన్ని ఇంట్లో కూర్చొని ఊహించుకోక, ఆయన సెనెగల్ దేశానికి వెళ్ళి, అక్కడి ప్రసిద్ధ గాయకుడు బాబా మాల్ వెంట తిరిగి, అక్కడి వాద్యకారుల వద్ద విన్నాడు. చంక క్రింద ఇరికించుకొని నొక్కుతూ వాయిస్తే మాటలు పలికినట్లు పలికే ‘తమ’ అనే డోలుతో వీరుని పేరునే లయగా పలికించాడు. ఆ సంగీతానికి 2019లో ఆస్కార్ పురస్కారం లభించింది.

ఆ డోలు విన్నప్పుడు నాకు మన హైదరాబాదు మర్ఫా గుర్తుకు వచ్చింది. యెమెన్ నుండి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా నుండి వచ్చిన సిద్దీలు నిజాం సైన్యంలో కొలువు చేశారు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నివసించిన చోటును నేటికీ ఏ.సి. గార్డ్స్ అనే పిలుస్తున్నాము. వారి డోళ్ళు, డఫ్‌లు ఈ నగరంలో స్థిరపడి మర్ఫా అయినాయి. ముస్లిముల పెండ్లి ఊరేగింపు నుండి బోనాల, వినాయకుని ఊరేగింపుల వరకు నేడు మ్రోగే తీన్‌మార్, పేరులోనే మూడు దెబ్బలు దాచుకున్న ఆ లయ, ఈ సంపర్క ఫలమే. దానికి ప్రక్కనే తెలంగాణ పల్లె డప్పు ఉన్నది. ఒక గల్లీలో ఎవరు వస్తున్నారో చూడక ముందే చెప్పగల నాదాలివి. సంకేత స్వరానికి ఇంతకంటె ఏమి కావాలి? 2023లో ఒక తెలుగు పాట ఆస్కార్ గెలిచినప్పుడు, కీరవాణి, చంద్రబోస్‌గార్లతోపాటు ప్రపంచం విన్న గొంతులలో ఒకటి మన హైదరాబాదు యువకుడు రాహుల్ సిప్లిగంజ్‌ది. మన వీధి గొంతుకు ప్రపంచం తలుపులు మూసుకొని లేదు.

ఇప్పుడు ఈ వ్యాసం వ్రాయడానికి నన్ను ప్రేరేపించిన రెండవ ప్రశ్నకు వస్తాను. పైన చెప్పిన ప్రయోగం జరిగిన వారం తరువాత ఒక విద్యార్థిని నా గదికి వచ్చి, “సార్, నిన్న ఒక సినిమా చూశాం. దుర్మార్గుడు వచ్చినప్పుడల్లా మా అబ్బాజాన్ ఇంట్లో వినే బాణీలాంటిదే వినిపించింది. ఎందుకు సార్?” అని అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు. చిన్నబోవడం ఉన్నది. నాకు కోపంకంటె ఎక్కువ బాధ కలిగింది. ఎందుకంటే అదే చిత్రాన్ని నేను కూడ చూశాను. ఆ సంగతి నా చెవికి సోకనేలేదు. వీరుడు గెలిచినప్పుడు నేనూ చప్పట్లు కొట్టి వచ్చాను.

పాశ్చాత్య చిత్రాలలో ఎడారి, అపాయం, కుట్ర చూపవలసి వచ్చినప్పుడు ఒక నిర్ణీత స్వరవరుస వినిపించడం చిరకాలపు అలవాటు. అరబ్బు సంగీతంలో దానిని హిజాజ్ అంటారు. అందులో మొదటి నాలుగు స్వరాలను మన పరిభాషలో చెప్పితే షడ్జం, శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం. కర్ణాటక సంగీతం నేర్చుకునే ప్రతి పసివాడు మొదటి పాఠంలో పాడే మాయామాళవగౌళ రాగపు మొదటి నాలుగు స్వరాలు కూడ ఇవే! ఒక ఇంట పసిపిల్లల సరళీస్వరం, మరొక ఇంట ప్రార్థన వేళ హృదయాన్ని మెత్తబరచే ఛాయ, తెర మీద దుర్మార్గుని గుర్తు. స్వరం ఏ పాపమూ ఎరుగదు. దానికి ఆ గుర్తు వేసినది అలవాటు. పది చిత్రాలలో ఒకే జాతి నాదాన్ని ఒకే జాతి చేష్టకు జతచేస్తే, పదకొండవసారి ఆ నాదం వీధిలో విన్నప్పుడు విన్నవాడు అకారణంగా భయపడతాడు. మాటతో చేసిన నిందను ఖండించవచ్చును. స్వరంతో చేసిన నింద చెవిలో పడినట్లు కూడ తెలియదు.

వీరుని విషయంలో కూడ ఇదే ప్రమాదం. బూరలు మ్రోగుతుండగా అతడు కొట్టిన ప్రతి దెబ్బ ధర్మమే అనిపిస్తుంది. అతడు విరగగొట్టిన ఇల్లు ఎవరిది, అతడు విసిరిన బండి క్రింద ఎవరు పడ్డారు అని అడిగే తీరిక సంగీతం మనకు ఇవ్వదు. మా తరగతిలో శబ్దం తీసివేసినప్పుడు పిల్లలు నవ్వడమే కాదు, ఒకరు “సార్, ఆ వెనుక పరుగెత్తేవాళ్ళంతా ఎవరు?” అని అడిగారు కూడ. సంగీతంతో చూసినప్పుడు ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

అట్లని సంగీతం ఎప్పుడూ పక్షపాతి అనరాదు. 2019 నాటి ‘జోకర్’ చిత్రానికి ఐస్‌లాండ్ దేశపు హిల్డుర్ గుడ్నాడొట్టిర్ అనే విదుషి సంగీతం సమకూర్చి మరుసటి ఏడు ఆస్కార్ పొందింది. అక్కడ కూడ వాద్యం సెల్లోయే. కాని పదకొండేండ్ల క్రిందట చెవిని కోసిన ఆ తీగ, ఈసారి ఒంటరివాని మూలుగయింది. అతని నేరాన్ని క్షమించమని అది చెప్పదు, అతడు మనిషి అని మాత్రం గుర్తు చేస్తుంది. 2022లో వచ్చిన ‘మిస్ మార్వెల్’ ధారావాహికలో అమెరికాలో నివసించే కమలా ఖాన్ అనే ముస్లిం బాలిక వీరనాయిక. దాని సంగీత దర్శకురాలు లారా కార్ప్‌మన్. అందులో దక్షిణాసియా పాటలు దుష్టుని వెంట కాక, ఆ బాలిక ఇంటి వెంట, ఆమె ఆనందం వెంట వినిపిస్తాయి. అందులోనే మన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు ‘లింగా’ అనే తమిళ చిత్రానికి పాడిన ఒక పాట కూడ ఉన్నదని తెలిసినప్పుడు మా విద్యార్థిని ముఖం వికసించింది.

మన సంప్రదాయం కూడ ఈ విషయంలో ఒక గొప్ప పాఠం నేర్పుతున్నది. తెలంగాణ పల్లెలలో పీర్ల పండుగనాడు హిందువులు, ముస్లిములు కలిసి వినే డప్పు గెలిచిన వీరుని రాకను చాటదు. కర్బలా మైదానంలో దప్పికతో ప్రాణమర్పించినవారిని తలపిస్తుంది. మీర్ అనీస్ వంటి మహాకవుల మర్సియాలలో వీరం కరుణను విడిచి ఒక్క అడుగు కూడ నడవదు. వీరుడంటే గెలిచినవాడు మాత్రమే కాదు, తల వంచనివాడు అని ఆ నాదం చెబుతుంది. ఇట్టి వీరునికి తగిన సంగీతం ఇంకా ఏ అతిమానవ చిత్రంలోనూ నేను వినలేదు. రేపు మన విద్యార్థులలో ఒకరు దానిని కూర్చవచ్చునని ఆశిస్తున్నాను.

విద్యార్థి మిత్రులు సినిమా చూడడం మానవలసిన అవసరం లేదు. చూసేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలును. ఈ నాదం ఎవరి ఇంటి నుండి వచ్చింది? ఈ క్షణంలోనే ఎందుకు వచ్చింది? ఇది లేకపోతే నేను ఈ పనిని మెచ్చుకొని ఉండేవాడినా? కళాశాల కార్యవర్గం వారికి కూడ ఒక మనవి. నెలకు ఒక గంట, ఒక మంచి స్పీకర్ల జత కేటాయిస్తే, ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు కలిసి కూర్చొని వినే శ్రవణ గోష్ఠి ఒకటి ప్రారంభించవచ్చును. ఏడాదికి ఒకసారి సురభివారి నాటకానికి విద్యార్థులను తీసుకొనిపోవడం అంతకంటె సులభం.

సురభి నాటకంలో హార్మోనియం వాయించేవారు తెర వెనుక దాగి ఉండరు. మనస్సును ఎవరు కదిలిస్తున్నారో, ఏ చేతులతో కదిలిస్తున్నారో ప్రేక్షకునికి కనిపిస్తూనే ఉంటుంది. అయినా ఘటోత్కచుడు అడుగు పెట్టగానే రోమాలు నిలుచుంటాయి. తెలిసి పరవశించడంలో అవమానం లేదు. సినిమాహాలులో కనిపించని ఆ చేతులను కూడ చూడగల చెవి మన విద్యార్థులకు అలవడితే, చివరి వరుస విద్యార్థి వేసిన ప్రశ్నకు, ఆ బిడ్డ చిన్నబోయి వేసిన ప్రశ్నకు నేను ఇవ్వగలిగిన సమాధానం ఇచ్చినట్లే భావిస్తాను.